కొట్టకుండా కొట్టడం

నరసరావుపేటలో బైకు మెకానిక్ ఐజాజ్‌ను “మీ అమ్మాయి ఏం చేస్తుంది?” అని ఎవరైనా అడిగితే ఆయన స్పానరు కింద పెట్టి మరీ చెబుతాడు. “నాటకాలోళ్లకి కొట్టకుండా కొట్టడం, పట్టుకోకుండా పట్టుకోవడం నేర్పుద్ది.” విన్నవాళ్లు ఇంకో ప్రశ్న వేయకుండా బండి తీసుకుని వెళ్లిపోతారు.

ఆ అమ్మాయి పేరు ఇరమ్. చిన్నప్పుడు కరాటే నేర్చుకుంది, హైదరాబాదులో రంగస్థల కళలు చదివింది. స్టేజీ మీద కొట్లాటలు, కిందపడటాలు, కౌగిలింతలు ఎవరికీ దెబ్బ తగలకుండా, ఎవరికీ ఇబ్బంది లేకుండా కూర్చడం ఆమె పని. కొన్నాళ్లు అక్కడే చేసి, మన వైపు నాటకాల పోటీలకు కొదవ లేదు కదా అని ఊరికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఎవరూ పిలవలేదు. కొట్టడం కూడా ఒకరు నేర్పాలా అని నవ్వేవారు.

మొదట పిలిచింది ధనుంజయరావు. ఆయనది పురుగుమందుల కొట్టు. యాభై దాటినా నాటకాల పిచ్చి వదల్లేదు. ఆయన ఆడే నాటికలో మొగుడు పెళ్లాన్ని చెంపదెబ్బ కొడతాడు, చివరికి తప్పు తెలుసుకుని దగ్గరకు తీసుకుంటాడు. పెళ్లాం వేషం గుంటూరు నుంచి బస్సులో వచ్చే భావనది. కిందటి ప్రదర్శనలో ఆయన ఆవేశం ఆపుకోలేక నిజంగానే కొట్టాడు. ఆమె చెవిపోగు ఊడి జనంలో పడింది. ఇరమ్ సంగతి ఎవరి ద్వారానో విన్న భావన, “ఈసారి ఆమెను పెడితేనే వస్తా” అని తెగేసి చెప్పింది.

రిహార్సల్సు కొట్టు పైన మేడ గదిలో జరిగేవి. కింద నుంచి మందుల వాసన వచ్చి, ఏడుపు సీను రాకముందే అందరి కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఇరమ్ ముందు చెంపదెబ్బ సంగతి తేల్చింది. ఆయన చెయ్యి భావన మొహం ముందు నుంచి గాలిలో పోవాలి. అదే క్షణంలో భావన జనానికి కనపడకుండా తన చేతులు తనే చరుచుకోవాలి.

“అంటే కొట్టేది నేనూ, చప్పుడు చేసేది ఆ అమ్మాయా?” అన్నాడు ధనుంజయరావు.

“అవును బాబాయ్.”

“మరి నేను చేసేదేంది?”

“కోపంగా చూడాలి. అది చానా కష్టం.”

ఆ మాటకు ఆయన కాస్త మెత్తబడ్డాడు.

తర్వాత కౌగిలింత. చెయ్యి ఎక్కడ వేయొచ్చో ఇరమ్ భావననే అడిగింది. “భుజం మీద ఫర్వాలేదు. నడుం మీద వద్దు” అంది భావన. ప్రతి రిహార్సల్లో ముందుగా “వేయనా?” అని అడిగాకే చెయ్యి వేయాలని ఇరమ్ షరతు పెట్టింది.

“అడిగి పట్టుకుంటే ఇంక ఫీల్ ఏముంటదమ్మాయ్” అని సణిగాడు ధనుంజయరావు. సణుగుతూనే అడిగాడు.

ఆయన భార్య ధనమ్మ రోజూ మూల కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా చూసేది. కాపలాకు వస్తోందని అందరూ అనుకునేవారు.

పోటీ దగ్గరపడ్డాక ఒకరోజు భావన ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. “పిన్నీ, ఆమె వచ్చేదాకా మీరు నిలబడతారా?” అని ఇరమ్ ధనమ్మను అడిగింది.

ధనుంజయరావు మొహం మారిపోయింది. భావన పక్కన నదురూ బెదురూ లేకుండా నటించే మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకున్నాడు. “ఈమెతోనా? నలుగురిలో ఏం బాగుంటది” అన్నాడు.

“ఆ అమ్మాయిని రోజూ అడుగుతున్నారుగా. నన్నూ అడగండి” అంది ధనమ్మ.

ఆయన గోడమీది క్యాలెండరు వైపు తిరిగి, “వేయనా?” అన్నాడు.

“ఆలోచించి చెప్తా” అని ఆమె ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

గదిలో అందరూ నవ్వారు. చివరికి ఆమె గిన్నె పక్కన పెట్టి లేచింది. బస్తా ముడి సరిచూసేవాడిలా ఆయన ఆమె భుజం మీద రెండు వేళ్లు ఆనించాడు. కాసేపటికి అరచెయ్యి కూడా ఆనింది.

“వణుకుతుందేంది, షుగర్ బిళ్ల వేసుకోలా?” అంది ధనమ్మ.

ఆయన చెయ్యి తీయలేదు. ఆపమని చెప్పాల్సింది ఇరమ్. ఆమె చెప్పకుండా కిటికీ దగ్గరకు పోయి, కింద రోడ్డు మీద పోతున్న పత్తి లారీలు చూస్తూ నిలబడింది.

చిలకలూరిపేట పోటీలో కూడా ఆయన భావన భుజం మీద అలాగే ముందు రెండు వేళ్లు, తర్వాత అరచెయ్యి ఆనించాడు. భావనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇక చెంపదెబ్బ ఎంత గట్టిగా పేలిందంటే, నాటిక అయ్యాక ముందు వరుసలోని ముసలావిడ ఒకామె స్టేజీ మెట్లెక్కి వచ్చి, “ఆడపిల్లని అట్టా కొట్టడానికి నీకు చేతులెట్టా వచ్చినయ్యయ్యా” అని ఆయన్ను నిలదీసింది. “చప్పుడు నాది కాదు పెద్దమ్మా, ఆ అమ్మాయిదే” అని ఆయన ఎంత చెప్పినా నమ్మలేదు.

ఉత్తమ నటి బహుమతి భావనకు వచ్చింది. ఆయనకేమీ రాలేదు. “దెబ్బా ఆ అమ్మాయిదే, బహుమతీ ఆ అమ్మాయిదే” అని ఇంటికొచ్చేదాకా కారులో గొణుగుతూనే ఉన్నాడు. ధనమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఇరమ్‌కు మాచర్ల నుంచి ఫోను వచ్చింది. బెంజిమిన్ అనే స్కూలు మాస్టారు వార్షికోత్సవానికి పిల్లలతో యుద్ధం నాటకం వేయిస్తున్నాడట.

“సైనికుల్లో ఒక్కడూ ముందు చావనంటున్నాడమ్మా. వాళ్ల అమ్మానాన్నలు వీడియో తీసుకోవాలంట. ఎట్టా చంపాలో మీరొచ్చి చెప్పాల.”

“చచ్చేముందు తలా ఒక డైలాగు ఇద్దాం సార్. రేపు పొద్దున బస్సెక్కుతా” అంది ఇరమ్.