ఆ పాత మెషిన్‌కి బ్యాకప్ లేదు

ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా నా నోట రాలేదు. మా ఆవిడకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. దాటనివ్వకుండా ఇంతకాలం ఆపుకున్నాను. ఆపుకోవడమే పెద్ద చాకిరీ అయిపోయింది. ఎవరైనా మాటల్లో మాటగా "అయ్యో, మరిచిపోయాను" అంటే చాలు, అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట నన్ను చూసే అన్నారనిపిస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. తిరువూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను కంప్యూటర్ సారుని. పెనుగొలను నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. పిల్లలకి పాఠం చెప్పడం, ఆఫీసులో మెషిన్లు బాగుచేయడం, రెండూ నా పనులే. చదివింది తక్కువ, తెలుసన్న ధీమా ఎక్కువ. ఆ వయసు అలాంటిది అని సర్దిచెప్పుకోబోయి ఇప్పుడే ఆగాను. వయసు మీదికి నెట్టడం కూడా తప్పించుకోవడమే కదా.

ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో నాకు ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దొరికింది. బ్యాకప్ అంటే మెషిన్లో ఉన్నదానికి ఇంకోచోట నకలు దాచడం. అసలు పోయినా నకలు మిగులుతుంది. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, కావాలంటే లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు. నాకు పూనకం వచ్చింది. మూలన పడున్న ఒక మెషిన్లో విండోస్‌కి బదులు లినక్స్ ఎక్కించి, దాన్ని నకళ్ళు దాచే మెషిన్‌గా చేశాను. ల్యాబులో లినక్స్ ఉన్నవి చెప్పినట్టు విన్నాయి. ఆఫీసులో విండోస్ ఎక్స్‌పీ ఉన్నవి మొదట మొరాయించినా, బయటి మెషిన్లని అడ్డుకునే ఫైర్‌వాల్‌లో దారి తెరిచాక లొంగాయి.

సీడీలో ఉన్న సూచనల్లో రాసినట్టే నకళ్ళు రాత్రిపూట తీయాలని పెట్టాను. రోజులు గడిచినా ఒక్క నకలూ రాలేదు. తల బద్దలు కొట్టుకున్నాక వెలిగింది. మా వైపు ఏ ఆఫీసు మూసినా కరెంటు మెయిన్ ఆపకుండా తాళం వేయరు. కరెంటు పోయి వచ్చేటప్పుడు ఏది కాలుతుందోనని భయం. రాత్రి నకలు తీయడానికి అసలు మెషిన్లే బతికి ఉండవు. భోజనాల వేళకి మార్చాను, పని నడిచింది.

ఒక్క మెషిన్ మాత్రం మిగిలిపోయింది. అది తెలుగు టైపింగ్ మెషిన్. దాంట్లో విండోస్ తొంభై ఎనిమిది. మా దగ్గరున్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ దాంట్లో తప్ప నడవదు, కాబట్టి దాన్ని మార్చడానికి లేదు. నా బ్యాకప్ సాఫ్ట్‌వేరేమో అంత పాత విండోస్‌లోకి ఎక్కనంది. అప్పటికే స్కూలు నడిపే కరస్పాండెంటు గారితో అన్ని మెషిన్లకీ చేస్తానని గొప్పలు పోయి ఉన్నాను. అందుకని నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. తెర మీద బొమ్మ నొక్కితే ఒక నల్ల విండో తెరుచుకుంటుంది, ఫైళ్ళు వైరు మీదుగా లినక్స్ మెషిన్‌కి వెళ్తాయి, చివర్న 'బ్యాకప్ అయిపోయింది' అని పడుతుంది. ఆ నల్ల విండోకి తెలుగు లిపి రాదు, అందుకని ఇంగ్లీషు అక్షరాలతోనే రాశాను. రోజూ ఇంటికి వెళ్ళేముందు ఎవరో ఒకరు చేత్తో నొక్కాలి.

ఆ ఒకరు అనసూయ టీచర్ గారు.

పదో తరగతికి తెలుగు చెప్పేవారు. యాభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, స్కూలే లోకం. పద్యాలన్నీ పుస్తకం ముట్టుకోకుండా చెప్పేవారు. చాక్‌పీసు ఒక చేతిలో, రెండో చెయ్యి ఖాళీగా ఉండాల్సిందే. పిల్లల కోసం ఆవిడ ఒక వ్యాకరణ అభ్యాస పుస్తకం తయారుచేస్తున్నారు. సంధులకీ సమాసాలకీ గైడుల్లో ఉండే అరిగిపోయిన ఉదాహరణలు కాకుండా, మామిడి తోటల్లోనూ బస్సుల్లోనూ మా పిల్లలు రోజూ వినే మాటల్లోంచి ఏరి పెట్టారు. కొన్నేళ్ళ పని అది. వేసవి సెలవుల్లో అచ్చువేసి, బడి తెరిచేసరికి పిల్లలకి ఇవ్వాలని అనుకున్నారు. టైపింగ్ నేనే నేర్పాను. నేర్చుకున్నాక నేరుగా మెషిన్ మీదే రాసేవారు. చేత్తో రాసిన పాత కాగితాల కట్టలు ఏం చేయమంటారని అడిగితే, ఇంక వాటితో పనేముందండీ, లోపల భద్రంగా ఉందిగా అన్నాను. అవి బజ్జీల బండికి వెళ్ళాయి. పిల్లలు సవర్ణదీర్ఘసంధిలో మిరపకాయ బజ్జీలు చుట్టించుకు తింటున్నారని ఆవిడే చెప్పి నవ్వారు.

ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. తర్వాత నేను చేసింది అది తెలిసే చేశాను. అందుకే దాచకుండా చెప్పాలి. వాళ్ళమ్మగారికి ఈవిడ వయసులోనే మతిమరుపు మొదలైందట. చివరికి వినగడపలో సొంత ఇంట్లోనే ఉంటూ, మా ఇంటికి తీసుకెళ్ళమని ఏడ్చేవారట. కూతుర్ని పట్టుకుని, నువ్వెవరమ్మా అని అడిగేవారట. అది చూసిన దగ్గర్నుంచి ఈవిడకి ఒకటే భయం. రోజూ పొద్దున్నే ఏదో ఒక పద్యం చూడకుండా అప్పజెప్పుకుంటాననీ, తడబడితే ఆ రోజంతా అన్నం సయించదనీ చెప్పారు.

ఒక పిడుగులవానకి ఆ పాత మెషిన్లో నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. లినక్స్ మెషిన్‌కి దారి తెగిపోయింది. నల్ల విండో ఏదో ఇంగ్లీషు తప్పు చూపించి అక్కడే నిలబడేది. టీచర్ గారు రోజూ సాయంత్రం కంగారుగా నన్ను పిలిచేవారు. కార్డు విజయవాడ నుంచి తేవాలి. ఈసారి వెళ్ళినప్పుడు తెస్తాలే అనుకున్నాను. ఈలోగా ఆవిడ పిలుపులు ఆగితే చాలనుకుని, ప్రోగ్రాంలో నకలు తీసే లైను తీసేశాను. 'అయిపోయింది' అనే లైను ఉంచాను. నొక్కగానే అయిపోయింది అంటే అనుమానం వస్తుందని, మధ్యలో ఒక్కో చుక్కా నెమ్మదిగా పడేలా పెట్టాను. నకలు తీయడం రాని విండోకి నటించడం నేర్పాను.

మోసం అనుకోలేదు. రెండు రోజుల మాటే కదా అనుకున్నాను. రెండు రోజులు నెలలయ్యాయి. గడువు దాటిన పాత నకళ్ళని లినక్స్ మెషిన్ తనంతట తనే చెరిపేసింది. విజయవాడ వెళ్ళాను, వచ్చాను, కార్డు తేలేదు. ఒక్క సాయంత్రం కూర్చుని ఆ డిస్కు విప్పి వేరే మెషిన్‌కి తగిలిస్తే నకలు వచ్చేసేది. ఎందుకు చేయలేదు? బద్ధకమా? అబద్ధం ఒకసారి కుదిరాక దాన్ని నిజం చేయడానికి మనసు కదలదా? ఈలోపు వార్షికోత్సవంలో కరస్పాండెంటు గారు, మా స్కూల్లో అక్షరం ముక్క కూడా పోదని మైకులో చెప్పి నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో టీచర్ గారూ ఉన్నారు.

పుస్తకం దాదాపు పూర్తయింది. మామిడికాయలు కోతకొచ్చిన రోజులు. ఒక సాయంత్రం గాలివాన కమ్ముకొచ్చింది. స్కూల్లో మేమిద్దరమే మిగిలాం. నా చేతిలో తాళాలు, మనసంతా పెనుగొలను బస్సు మీద. టీచర్ గారు బొమ్మ నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పడుతున్న చుక్కల్ని చూస్తూ కూర్చున్నారు. గాలొస్తోందండీ, ఆపేద్దాం అన్నాను. ఉండండి, చుక్కలు అవ్వాలిగా అన్నారు. నేను పెట్టిన దొంగ చుక్కల మీద నాకే విసుగొచ్చింది. ఆఖర్న పడ్డ మాటలు ఆవిడ పైకి చదివారు. మెషిన్ని పద్ధతిగా ఆపారు. మెయిన్ నేనే దించాను.

మర్నాడు మెషిన్ లేవలేదు. డిస్కులోంచి టకటకమని చప్పుడు. ఫైళ్ళు పోయాయి.

కరస్పాండెంటు గారి గదిలోకి మా ఇద్దర్నీ పిలిచారు. టీచర్ గారు కంగారు పడలేదు. నకలు ఉందిగా అన్న ధైర్యం. నకలు ఏదీ అని ఆయన నన్ను చూశారు. నేను నోరు తెరిచాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"టీచర్ గారు నిన్న చుక్కలు పూర్తవకుండానే ఆపేశారండి. పాత నకలు మీద కొత్తది సగం పడి, రెండూ పాడైపోయాయి."

"అదేంటండీ, నేను ఆగానుగా. అయిపోయింది అని చదివానుగా. మీరు పక్కనే ఉన్నారు."

"చదవలేదండి. వానొస్తోందని హడావిడిలో ఆపేశారు."

"చదివినట్టు గుర్తుందే నాకు."

"రోజూ చదువుతారు కదండీ, అలా అనిపిస్తుంది. నేను చూశాను టీచర్ గారూ. మీరు మర్చిపోయినట్టున్నారు."

ఆ చివరి మాట అక్కర్లేదు. కంగారులో ఆపేశారనడంతోనే నా ఉద్యోగం నిలిచేది. కానీ ఆవిడ ఇంకో ప్రశ్న అడిగితే దొరికిపోతాను. ఏ మాటంటే ఇంక అడగరో నాకు తెలుసు. అదే అన్నాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, అయ్యుండొచ్చండీ, నావల్లే అయ్యుంటుంది అన్నారు. కరస్పాండెంటు గారు పాపం కోప్పడలేదు, మంచినీళ్ళు తెప్పించారు. నేను మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాను. అవును, ఆ క్షణాన నాకు హాయిగానే అనిపించింది. ఇది చెప్పడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

జూన్‌లో బడి తెరిచాక టీచర్ గారు పాఠ్యపుస్తకం చేత్తో పట్టుకుని క్లాసుకి వెళ్ళారు. పద్యం మధ్యలో ఆగి పుస్తకం చూసుకునేవారు. తాళం వేశాక వెనక్కొచ్చి లాగి చూసేవారు, గేటుదాకా వెళ్ళి మళ్ళీ వచ్చేవారు. చెప్పిన మాటే, చెప్పానా అని అడిగేవారు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. కంప్యూటర్ గది గడప మళ్ళీ తొక్కలేదు. అప్పుడు నేనేం కోరుకున్నానో చెప్తే మీరు అసహ్యించుకుంటారు. ఆవిడకి నిజంగానే ఆ జబ్బు మొదలై ఉంటే బాగుండు అనుకున్నాను. అప్పుడు నా అబద్ధం అబద్ధం కాకుండా పోతుంది. నాకు ఏ అన్యాయమూ చేయని మనిషికి అంత జబ్బు రావాలని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రోజూ కోరుకున్నాను. ఆ ఏడాది చివర ఆవిడ ఉద్యోగం మానేసి విస్సన్నపేటలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. పుస్తకం మళ్ళీ రాయలేదు.

కొన్నేళ్ళకి విస్సన్నపేట బస్టాండులో కనిపించారు. తప్పుకునే లోపే పిలిచారు. మా ఊరు, మా అమ్మ మోకాళ్ళ నొప్పి, ఒకసారి బస్సు తప్పిపోయి నేను నడిచొచ్చిన సంగతి, అన్నీ అడిగారు. నేను మర్చిపోయినవి కూడా ఆవిడకి గుర్తున్నాయి. ఒక్కటీ తప్పు లేదు. పక్కన తమ్ముడి కోడలు సంచీ పట్టుకుని నిలబడింది. "నా బుర్ర సంగతి మీకు తెలుసుగా, ఒంటరిగా ఎక్కడికీ పంపరు" అని నవ్వారు. ఇంటి తాళాలు కూడా వాళ్ళే దాస్తారట, మంచిదే కదా అన్నారు. ఆవిడ బుర్ర నిక్షేపంగా ఉంది. అలా లేదని ఆవిడని నమ్మించింది నేను. చెప్పేయాలని గొంతుదాకా వచ్చింది. బస్సు వస్తోందండీ అన్నాను. వాళ్ళ బస్సు కాదు, నాదీ కాదు. ఏదో ఒకటి వచ్చింది, ఎక్కేశాను.

ఇప్పుడు వేరే ఊళ్ళో ఇదే పని చేస్తున్నాను. తెర మీద పూర్తయింది అని పడితే నమ్మను. నకలు తీసి, తెరిచి, చదివి చూస్తాను. నా కింద పనిచేసేవాళ్ళు చాదస్తం అంటారు. ఎంత జాగ్రత్తపడినా వెనక్కి ఏం వస్తుంది? టీచర్ గారు ఉన్నారో లేదో నాకు తెలియదు. కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్ళాల్సి వస్తుందని భయం. ఆ ధైర్యం ఎప్పటికైనా వస్తుందా? మాట ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఒకరికైనా చెప్పాను. ఇది రాస్తుంటే చాలాకాలానికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అంతే.

ఆ గదిలో చెప్పాల్సిన మాట ఇక్కడైనా చెప్తాను. టీచర్ గారూ, మీరు మర్చిపోలేదు. చుక్కలన్నీ పడేదాకా ఆగారు. అయిపోయింది అని పైకి చదివారు. మీకు గుర్తున్నదే నిజం. నేను పక్కనే ఉన్నాను, చూశాను.