చింతపండు పులుసులో తెల్ల చొక్కా

కిష్టారెడ్డిపేటలోని మా ఫ్లాటులో, బట్టల మిషను ఆఖరి జాడింపుకి రాగానే చిన్న గిన్నెడు తెల్ల సిర్కా, అదే వెనిగర్, పోస్తాను. ఆ ఘాటు ముక్కుకి తగిలిందో లేదో, చిన్ననాటి కుళ్లు మళ్లీ లేస్తుంది. ఆ కుళ్లు పేరు సుగుణ.

వాళ్లది కోస్తా. వాళ్ల నాన్నకి ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే పటాన్‌చెరులో మా ఇంటి పక్క వాటాలో కిరాయికి దిగారు. రెండిళ్లకీ ఒకటే బోరింగు, ఒకటే దండెం. ఆ ఉప్పునీళ్లలో ఉతికిన మా బట్టలు ఎండకి అప్పడాల్లా బిగుసుకుని మెడ దగ్గర గీరుకునేవి. అవే నీళ్లు, అదే సబ్బుబిళ్ల, సుగుణ బట్టలు మాత్రం తెల్లగా, మెత్తగా గాలికి ఊగేవి. అబ్బ, ఒళ్లు ఎంత మండేదో!

ఆ ఏడు జెండా పండుగకి తెల్లటి చొక్కా వేసుకొచ్చిన పిల్లలే ముందు వరుసలో నిలబడాలని పంతులమ్మ చెప్పింది. సుగుణ ముందుంటే నేను వెనక నిలబడటమా? సిగ్గు విడిచి, బట్టలు అంత తెల్లగా ఎలా వస్తాయని వాళ్లమ్మనే అడిగేశాను.

"ఏముందమ్మాయ్, ఆఖరి జాడింపులో కాస్త పులుపు వేస్తాను," అందావిడ.

పులుపంటే మా ఇంట్లో ఒకటే. మరునాడు అమ్మ చేనుకి పోగానే గుప్పెడు చింతపండు పిసికి, నాకున్న ఒక్క తెల్ల చొక్కానీ ఆ పులుసులో ముంచి, ఎంతో గర్వంగా దండెం మీద ఆరేశాను. ఆరేసరికి చొక్కా నిండా గోధుమరంగు మరకలు.

"ఏందే గిది? అంగీకి గిట్ల పులుసు వోస్తరా ఎవరన్న?" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

సుగుణ వాళ్లమ్మ నవ్వాపుకోలేక లోపల్నుంచి సీసా తెచ్చి చూపించింది. హోటళ్లలో ఉల్లిగడ్డల మీద పోసే సిర్కా! బకెట్టు నీళ్లకి చిన్న గిన్నెడు చాలట, నీళ్లు కలపకుండా బట్ట మీద పోయకూడదట. "బ్లీచింగు పొడితో మాత్రం ఎప్పుడూ కలపకు తల్లీ, ఊపిరాడదు," అని రెండుసార్లు చెప్పి, సుగుణకున్న రెండో తెల్ల చొక్కా తీసి నా చేతిలో పెట్టింది.

జెండా పండుగనాడు ముందు వరుసలోనే నిలబడ్డాను, దాని చొక్కాలో, దాని పక్కనే.

"నాకంటే నీకే బావుందే," అంది సుగుణ, మనసులో ఏమీ లేకుండా.

"ఉండనీ తియ్యి," అన్నాను. ఆ మంచితనానికి ఇంకా మండింది నాకు.

తర్వాత వాళ్లు బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ బోరింగు లేదు, ఆ దండెం లేదు; ఇక్కడ ఎవరి బాల్కనీ వాళ్లది. నా బట్టలూ ఇప్పుడు తెల్లగా, మెత్తగానే వస్తున్నాయి. చూడవే సుగుణా, అని ఉడికిద్దామంటే పక్కన దాని బట్టలు లేవు.