ఇంగ్లీష్ వార్తలకు నేను చెప్పిన తెలుగు

మా చిన్నప్పుడు... దేశ రాజధానిలోని కటవారియా సరాయ్‌లో మేముండే ఒంటిగదిలో రోజంతా ఒక విదేశీ ఇంగ్లీష్ న్యూస్ ఛానెల్ మోగుతూనే ఉండేది.

అమ్మ నర్సు. అరబ్బు దేశంలో ఉద్యోగానికి వెళ్లిన ఏడాదికే అక్కడ యుద్ధం మొదలైంది. ఫోన్ కలవడం మానేసింది. హిందీ ఛానెళ్లలో అమ్మ ఉన్న ఊరి పేరే వినిపించేది కాదు...

నాన్నది నరసాపురం దగ్గర పల్లె. ఇంగ్లీష్ రాదు. నాకు పదేళ్లు, ఇంగ్లీష్ మీడియం. బడి నుంచి వచ్చి సంచి దించకముందే అడిగేవాడు, "ఏవంటున్నారే?"

ఒకరోజు అమ్మ పనిచేసే ఆస్పత్రి పేరే చెప్పారు. చుట్టూ కాల్పులు, లోపల నీళ్లు అయిపోయాయి, ఎవరూ బయటికి రాలేకపోతున్నారని. నాన్న అప్పటికి రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు. నా నోట నిజం రాలేదు.

"అమ్మావాళ్ల ఆస్పత్రికేం కాలేదంట నాన్నా."

నాన్న తపేలా అడుగున ఉన్న అన్నంలో పచ్చడి కలుపుకుని తిన్నాడు... మర్నాడు పొద్దున అక్కడే పనిచేసే మిగతా నర్సుల ఇళ్లవాళ్లు, వెనక్కి తీసుకొచ్చే జాబితాకు పేర్లు ఇవ్వడానికి సర్కారు ఆఫీసుకు వెళ్తూ పిలిస్తే, "మావాళ్లు క్షేమమేనంటండి" అని ఆగిపోయాడు.

మధ్యాహ్నం మా చర్చికొచ్చే సుగుణ ఆంటీ ఏడుస్తూ వచ్చి అసలు సంగతి చెప్పింది. నాన్న నన్ను కొట్టలేదు. అమ్మ పాస్‌పోర్ట్ జిరాక్స్ తీసుకుని, నా చెయ్యి పట్టుకుని ఆటో కోసం పరుగెత్తాడు.

"లిస్ట్ తో చలీ గయీ, భాయీ సాబ్" అన్నాడు ఆఫీసులో గుమస్తా. జాబితా వెళ్లిపోయిందట.

అక్కడి వాళ్లకేమైనా తెలుసేమో చెప్పమని నాన్న బతిమాలితే, గోడ మీది టీవీ చూపించాడు. "హమ్ భీ యహీ దేఖ్ రహే హై." మేం చూసే ఛానెలే! వాళ్లకీ అదే దిక్కు... నాన్న ఆ బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. చివరికి ఆ గుమస్తా అమ్మ పేరు విడిగా రాసుకున్నాడు.

మొదటి విమానంలో మిగతా నర్సులు వచ్చేశారు. అమ్మ రాలేదు. ఛానెల్ మరో దేశం ఎన్నికల్లో పడిపోయింది. తొమ్మిది రోజులు... ఆ వార్తలు చదివే ఆవిణ్ణి తెర మీదే బతిమాలేదాన్ని, ఒక్కసారి మా అమ్మ ఉన్న ఊరి పేరెత్తమని.

పదో రోజు అమ్మ వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. మనిషి సగమైపోయింది.

తను ఎందుకు వెనకబడిందో నాన్న అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు... ఇవాళ ఇది అమ్మ కూడా చదువుతుంది.

ఇప్పుడు ఎక్కడ బాంబు పడినా నిమిషంలో ఫోన్‌లోకి, తెలుగులోనే వచ్చేస్తోంది. గురుగ్రామ్‌లో ఆఫీస్ క్యాబ్‌లో కూర్చుని నేనే బొటనవేలితో పైకి తోసేస్తున్నాను...

వార్తల్లో ఒక్క ఊరి పేరు కోసం మీరూ ఎప్పుడైనా అలా ఎదురుచూశారా? చూసుంటే రాయండి... ఒక్కటీ తోసెయ్యకుండా చదువుతాను.