బల్ల మీద నా కాఫీ

మొన్న ఆదివారం మా ఊరి చర్చి సంఘమంతా నా కాఫీ తాగింది. కళ్లు మూసుకుని, తలలు వంచుకుని, చుక్క మిగల్చకుండా తాగినారు. ఒక్కరంటే ఒక్కరు బాగలేదనలేదు. ఏ కాఫీ షాపుకైనా ఇంత గొప్ప ఓపెనింగ్ ఉంటుందా చెప్పండి! కాకపోతే వాళ్లు తాగుతున్నది కాఫీ అని వాళ్లకు తెలీదు. అదీ వచ్చిన చిక్కు.

మొదట్నుంచీ చెప్తాను.

పోయినేడు మా పెద్దమ్మ కూతురు సునీతక్కను చూడ్డానికి బెంగుళూరు పోయినాను. అక్క డ్యూటీకి పోతా పోతా నన్నొక పెద్ద కాఫీ షాపులో కూర్చోబెట్టి పోయింది. ఊరూరా బ్రాంచీలుండే రకం. అద్దాల తలుపు, ఏసీ, మెత్తటి కుర్చీ. కౌంటర్లో అమ్మాయి కప్పు మీద రాయడానికి పేరు అడిగితే నేను ఇంటిపేరుతో సహా చెప్పినాను. పాపం, రాసింది. కప్పు చుట్టూ తిరిగింది నా పేరు.

కాఫీ సంగతి నిజం చెప్పాలంటే, సగం నురగ, కింద మాడు వాసన. అదే మా అమ్మకిస్తే పాలు ఎక్కడ అడుగంటించినావే అని అడుగుతుంది. కానీ నేను అక్క వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను, కిటికీ పక్కన. ఎవరి పాపవు, ఎవరి కోసం చూస్తున్నావు, ఇంకా ఎంతసేపు అని ఎవ్వరూ అడగలేదు. ఒక ఆడపిల్ల ఒక్కతే ఖాళీ కప్పు ముందర పెట్టుకుని రోడ్డు చూస్తా కూర్చుంటే ఎవరికీ ఏమీ కాలేదు. ఊరికి తిరిగొచ్చినాను గానీ ఆ కుర్చీలోంచి నేనింకా లేవలేదనుకుంటా.

నేను రోజూ మా ఊరి నుంచి పోయి మార్కాపురంలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాను. బస్టాండు దగ్గర హోటల్లో కాఫీ బాగుంటుంది. ప్యాకెట్ పొడి కాఫీనే, కానీ చిక్కటి పాలు, చేయెత్తు నుంచి తిరగబోసి ఇస్తారు. బెంగుళూరు కాఫీని దాని పక్కన పెడితే సిగ్గుపడాల. అయితే మగవాళ్లు హోటలు ముందర నిలబడి, ఊరి సంగతులన్నీ మాట్లాడుకుంటా తాగుతారు. మాకు పార్శిల్. కవర్లో కట్టించుకుని వచ్చి, పేపరు కప్పుల్లో పోసుకుని, జిరాక్స్ మిషన్ వేడికి చెమటలు కక్కుకుంటా తాగుతాం. లోపల ఫ్యామిలీ రూమని ఒక తెర ఉంది. ఫ్యామిలీ లేకుండా ఆ తెర తీసే ధైర్యం నాకింకా రాలేదు.

ఇంకొకటుంది మా మార్కాపురంలో. పాత బజారు వీధి చివర కాఫీ పొడి దుకాణం. ఆ కొట్టాయన వారానికొకసారి గింజలు వేయిస్తాడు. ఆ రోజు నేను చుట్టు తిరిగైనా సరే ఆ వీధి వెంబడే ఆటో స్టాండుకు పోతాను. ఒట్టు, ఆ వాసన బెంగుళూరు షాపులో లేదు. వాసనేమో ఇక్కడుంది, కుర్చీ ఏమో అక్కడుంది. రెండూ ఒక్కచోట ఎందుకుండకూడదు? మా షాపు పక్క రూము ఖాళీగానే ఉంది గదా?

ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. టైపింగ్, ఫొటోషాప్, జాకెట్లు కుట్టడం, ఏది నేర్చుకున్నా నేను ఫోన్లో చూసి నేర్చుకున్నదే. కాఫీ కూడా అట్లే మొదలుపెట్టినాను. మిషన్ అక్కరలేని కాఫీ ఒకటుందని తెలిసింది, కోల్డ్ బ్రూ. బరగ్గా పట్టించిన పొడిని చన్నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి గుడ్డలో వడగట్టడమే. చిక్కగా దిగుతుంది, తాగేటప్పుడు నీళ్లు కలుపుకోవాల. పొడి దుకాణానికి పోయి చికోరీ వద్దు, బరగ్గా పట్టియ్యండి అంటే కొట్టాయన నన్ను ఎగాదిగా చూసినాడు.

"రవ్వ లెక్కనా? ఏందమ్మా, ఉప్మా చేస్తావా?"

నాయనకు విషయం చెప్పినాను. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. మాటలు తక్కువ. పక్క రూము ఓనరు ఆయనకు బాగా తెలిసినాయనే. మీసం నిమురుకుని ఒకే మాటన్నాడు.

"మన ఊర్లో నలుగురు తాగి బాగుందననీ. అప్పుడు రూము సంగతి అడుగుతా."

నలుగురేనా! నలభై మందితో అనిపిస్తా చూడు అనుకున్నాను.

మొదట మా అవ్వ. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు జ్వరం లేదు గదే, కషాయం ఎందుకు అంది. తర్వాత పక్కింటి రాహేలత్త. గ్లాసులోకి తొంగి చూసి, పాలు లేకపోతే నన్నడగొచ్చు గదా పాపా, మా బర్రె ఈనింది గదా అని బాధపడి, ఇంటికి పోయి చెంబుడు పాలు తెచ్చిచ్చింది. కాఫీ మాత్రం ముట్టలేదు. మూడో మనిషి సంఘపెద్ద యోహాను మామ. నాకు షుగరుంది పాపా అన్నాడు. దీంట్లో చక్కెర వెయ్యలేదు మామా అన్నాను. చక్కెర కూడా లేకుండా ఇంక ఎందుకమ్మా అన్నాడు.

వారం గడిచినా ఒక్కరు రుచి చూడలేదు. తిట్టినా బాగుండు, తాగి తిడితే.

అప్పుడొక ఉపాయం తోచింది. మా సందులో ఫ్రిజ్ ఉండేది మాకొక్కరికే. ఎండలు ముదిరినాయంటే చన్నీళ్లకు అందరూ మా ఇంటికే వస్తారు, వాళ్లే తలుపు తీసుకుని వాళ్లే తీసుకుంటారు. నా కాఫీ సీసా వాళ్లకు కనబడేటట్లు పై అరలో ముందర పెట్టినాను. ఎవరైనా ఏంది పాపా ఇది అని అడుగుతారు, ఒక గుక్క పోయొచ్చు అని. అంతవరకు అక్కడున్న సీసాను వెనక్కి జరిపినాను.

ఆ వెనక్కి జరిపిన సీసా సంగతి చెప్పాల. నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, వేలెడంత గ్లాసుల్లో ద్రాక్షరసం అందరికీ ఇస్తారు. ఆ రసం చేసే బాధ్యత మా అమ్మ మార్తమ్మది. నల్లద్రాక్ష ఉడకబెట్టి, పిండి, పలచటి బట్టలో వడగట్టి, సీసాకు పోసి, ఫ్రిజ్‌లో పై అరలో ముందర పెడుతుంది. ఎప్పుడూ అక్కడే. రెండు సీసాలూ ఒకే రకం. జోడీ బాగుందని నేనే కొనుక్కొచ్చినాను.

ఆదివారం తెల్లారుజామునే కరెంటు పోయింది. ఫ్రిజ్ లోపల చీకటి. అమ్మ హడావుడిగా చెయ్యి పెట్టి, ముందరున్న సీసా తీసి, తెల్లబట్టలో చుట్టుకుని చర్చికి పోయి యోహాను మామ చేతికిచ్చింది. గ్లాసుల్లో పోసేది ఆయనే. ఆయనకేమో మూడు రోజులుగా జలుబు, ముక్కు పనిచెయ్యడం లేదు. రంగు చూస్తే అదీ నలుపే, ఇదీ నలుపే.

నేను ఆడవాళ్ల వైపు చాప మీద చున్నీ కప్పుకుని కూర్చున్నాను. పళ్లెం నా దాకా వచ్చింది. గ్లాసు చేతిలోకి తీసుకోగానే పాత బజారు వీధి చివర వాసనొచ్చింది. ఛీ, బల్ల దగ్గర కూడా నాకు ఇదే ధ్యాసనా, క్షమించు ప్రభువా అని నిజంగానే ప్రార్థన చేసుకున్నాను.

అందరం ఒకేసారి తాగినాము.

నీళ్లు కలపని కాఫీ! చక్కెర లేదు, పాలు లేవు. నా గొంతులో సగం దూరం పోయి ఆగింది. తల ఎత్తకుండా కళ్లు మాత్రం తిప్పి చూసినాను. కరెంటు లేక విసనకర్రలు ఊపుకుంటున్న చేతులన్నీ ఆగిపోయినాయి. అవ్వ పెదాలు బిగించింది. రసం మాడబెట్టినానేమోనని అమ్మ తల ఇంకా కిందికి దించింది. మగవాళ్ల వైపు నుంచి ఒక దగ్గు. అంతే. బల్ల దగ్గర ముఖం చిట్లించేవాళ్లు మా ఊర్లో లేరు.

పాస్టరయ్య గ్లాసు పట్టుకుని అట్లే నిలబడినాడు. నా ప్రాణాలు పోయినాయి. తర్వాత ఒక్కొక్క మాటే కూడగట్టుకుని అన్నాడు.

"ప్రభువు తాగిన గిన్నె తీపిది కాదు, సంఘమా."

ఆ పైన ప్రార్థన మొదలుపెట్టినాడు. అంత పొడుగు ప్రార్థన నేనెప్పుడూ వినలేదు. ఆడవాళ్లు ఏడ్చినారు. నేనూ ఏడ్చినాను, నా కారణం నాది.

ప్రార్థన కాగానే నేను చెయ్యాల్సిన పనేంది? అమ్మ దగ్గరికి పరిగెత్తి జరిగింది చెప్పాల. నేనేం చేసినానో తెలుసా? చెప్పులు విడిచేచోట నిలబడి, బయటికొచ్చే ఒక్కొక్కరి ముఖం చూసినాను. ఊరంతా నా కాఫీ తాగింది. ఇట్లాంటి రోజు మళ్లీ వస్తుందా? భయం ఒకపక్క, ఎట్లుందో తెలుసుకోవాలనే ఆత్రం ఒకపక్క. ఆత్రమే గెలిచింది. రాహేలత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటా వచ్చింది.

"అత్తా, ఈరోజు బల్ల ఎట్లున్నింది?"

"గొంతు దిగుతుంటే చేసిన తప్పులన్నీ వరసగా గుర్తుకొచ్చినాయి పాపా."

బెంగుళూరు షాపుకు ఎవరైనా ఇట్లాంటి రివ్యూ రాసింటారా?

అవ్వనడిగితే గుండె దడదడ కొట్టుకునిందే, ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇట్ల కాలేదు అంది. అవ్వా, అది కాఫీ అని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖంలో సంతోషం చూసి మింగేసినాను. అది కాఫీ కంటే చేదుగా దిగింది.

ఇంటికి పోయేసరికి కరెంటొచ్చింది. అమ్మ నీళ్ల కోసం ఫ్రిజ్ తీసింది. లోపల లైటు వెలుగుతోంది. వెనకాల ద్రాక్షరసం సీసా, మూత కూడా తీయకుండా, నిండుగా. అమ్మ దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇది ఇక్కడుంటే, నేను తీసుకపోయింది ఏంది?"

చెప్పినాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. తల మీద కొంగు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని పాస్టరయ్య ఇంటికి నడిపించింది. ఇన్నేండ్లుగా ఆ పని అమ్మదే. అదొక్కటే సంఘంలో అమ్మ పేరు మీదుండే పని. అది పోతుందని అమ్మ భయం. అప్పుడు తెలిసింది నాకు, నేను వెనక్కి జరిపింది ఉత్త సీసా కాదని.

పాస్టరయ్య అంతా విన్నాడు. పాస్టరమ్మ నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"మొదటి గుక్కకే తెలిసింది నాకు," అన్నాడాయన. "అప్పుడే ఆపితే మార్తమ్మ అందరి ముందర తలెత్తుకోగలదా? అందుకే ప్రార్థన సాగదీసినా." వచ్చే ఆదివారం సంఘానికి తానే చెప్తానని, బల్ల మళ్లీ పెట్టుకుందామని, రసం మార్తమ్మే చెయ్యాలని అన్నాడు. అమ్మ కుర్చీ కోసం చూడకుండా అక్కడే గడప మీద కూలబడి కళ్లు తుడుచుకుంది.

మేము లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచినాడు.

"పాపా, కాఫీ మాత్రం బాగుంది. కొంచెం చక్కెర పడాల."

అమ్మ నావైపు చూసిన చూపు మీకు వర్ణించలేను. కానీ ఇంటిదాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

నాయనకు చెప్పినాను. సంఘమంతా తాగింది నాయనా అన్నాను. ఆయన చిటికెనవేలు ఒక్కటే మడిచినాడు.

"తాగినారు సరే. బాగుందన్నది ఒకరు గదా. ఇంక ముగ్గురు."

మరుసటి రోజు ఫ్యాక్టరీ నుంచి పగిలిన పలక ముక్క ఒకటి తెచ్చినాడు. తడికి చెరగకుండా దాని మీద మేకుతో గీకి గీకి "ఇది కాఫీ" అని రాసి, సీసా మెడకు పురికొసతో కట్టినాడు. అమ్మ ఆ సీసాను కింది అరకు దించేసింది, వంకాయల పక్కకు. పై అర జోలికి వస్తే చేతులు విరుగుతాయంది.

ఇప్పుడు నేను పని నుంచి రాగానే ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందర కాసేపు అట్లే నిలబడతాను. కరెంటు బిల్లు మీ నాయన కడతాడా అని అమ్మ వంటింట్లోంచి అరుస్తుంది. కట్టేది ఎట్లాగూ నాయనే గదా. తలుపు తీయగానే లైటు వెలుగుతుంది. చల్లగాలి ముఖానికి కొడుతుంది. నా పలక కనబడుతుంది. బోర్డు పడింది, లైటుంది, ఏసీ కూడా ఉంది. నా షాపుకు ఇంక కుర్చీ ఒక్కటే తక్కువ.