గోస్తనిలో పోయిన హవాయి చెప్పు

ఈ రోజు మా అయ్యను, అమ్మను రైల్లో బొర్రాకు తీసుకువెళ్ళి గోస్తని లోయ చూపించాను. కాలేజీ పిక్నిక్‌లో చూసినప్పటి నుంచి నాకదే కోరిక. మాది యారాడ, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. అయ్యకు సముద్రం తప్ప వేరే నీరు తెలియదు.

అన్నాలు తిన్నాక అయ్య ఏటి మధ్యలో ఉన్న బండ ఎక్కి, చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఇంతలో ఎగువ కొండల మీద వాన పట్టింది. చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడి బండ అంచుకు ఎక్కాయి.

"అయ్యా, వచ్చీయ్! నీరు పెరిగిపోతంది!" అని అరిచాను.

"కెరటం మీదుండగా దిగితే ముంచీస్తాది. ఎనక్కి ఎల్లనీ, దిగుతాను. నాకే నీరు నేర్పుతన్నావేటే?"

"ఇది సముద్రం కాదయ్యా! ఈ నీరు ఎనక్కి ఎల్లదు!"

ఆయన నవ్వాడు. అమ్మ ఒడ్డు నుంచి రమ్మని చెయ్యి ఊపుతోంది. అప్పుడే ఆయన చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. మా ఒడ్డున అయితే తరువాతి కెరటం తెచ్చి పడేసేది. అయ్య ఆ కెరటం కోసమే చూశాడు. చెప్పు మలుపు తిరిగి మాయమైంది. ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. రెండో చెప్పు చేత పట్టుకుని, నడుము లోతు నీళ్ళలో తూలుతూ వచ్చాడు. నేను మోకాళ్ళ లోతు దిగి చెయ్యి అందుకుని లాగాను.

తిరుగు రైల్లో అయ్య మిగిలిన చెప్పునే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆయన దిగులు చూడలేక, గోస్తని చివరికి భీమిలి దగ్గర సముద్రంలోనే కలుస్తుందని నోరు జారాను.

"మరా మాట ముందే సెప్పవేటే?" అన్నాడు.

రేపటి నుంచి ఒడ్డున వెతుకుతాడట. మీలో ఎవరికైనా ఎడమకాలి హవాయి చెప్పు కనబడితే దయచేసి యారాడకు కబురు పెట్టండి.