ఈశాన్యంలో పొగగొట్టం

గ్వెల్ఫ్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు ముందు నుంచి ఎలా ఉంటాయో రత్నకుమారికి పెద్దగా పట్టదు. వాటి నెత్తులు మాత్రం బాగా తెలుసు. ఆమె వృత్తే అది. డ్రోన్ ఎగరేసి ఇంటి పైకప్పును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఎక్కడ షింగిల్స్ అనే తారు పెంకులు లేచాయో, ఎక్కడ నీరు దిగుతోందో రిపోర్టు రాసిస్తుంది. ఇల్లు కొనేవాళ్ళకూ, అమ్మేవాళ్ళకూ, ఇన్సూరెన్సు కంపెనీలకూ ఆ రిపోర్టు కావాలి. గుమ్మానికి ఇత్తడి గంటలు కట్టి, వాకిట్లో రాతి పలకలు వేయించినవాళ్ళే నెత్తి మీద చిల్లును ఏళ్ళ తరబడి పట్టించుకోరని పైనుంచి చూశాక ఆమెకు తెలిసింది. మనుషుల మీద అంతకు ముందున్న కాస్త గౌరవమూ దాంతో పోయింది.

పుట్టింది ఒంగోలులో. డాలస్‌లో చాలాకాలం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, గ్రీన్‌కార్డు మీద ఆశ చచ్చి, మొగుడితో సహా కెనడా వచ్చింది. ఇక్కడ దొరికిన ఉద్యోగమూ పోయాక డ్రోన్ లైసెన్సు తెచ్చుకుంది. ఒకరు రాసిన దాంట్లో తప్పులు వెతకడం మాని, ఒకరు కట్టిన దాంట్లో వెతకడం మొదలుపెట్టింది. మొగుడికి ఎక్కడో దూరాన సస్కటూన్‌లో ట్రాక్టర్ల కంపెనీలో పని. పండక్కీ పబ్బానికీ వచ్చి పోతాడు. ఇద్దరికీ అదే హాయి. ఆమె ఇంట్లో మేడ మీద మూడు పడకగదులు తలుపులు మూసి ఉంటాయి.

అది స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న కాలం. ఆగస్టు వచ్చిందంటే తెలుగు సంఘం వాట్సాప్ గ్రూప్ నిండా ఒకటే మొర. ఒక్క గది ఉంటే చెప్పండి ఆంటీ, హాల్లో పడుకుంటాం అంకుల్. రత్నకుమారికి ఒళ్ళు మండేది. చదువు పేరు చెప్పి వచ్చి గిడ్డంగుల్లో డబ్బాలు సర్దేవాళ్ళూ, తెల్లారితే నిద్ర, నిద్ర లేస్తే రీల్స్ అని ఆమె అభిప్రాయం. ఒకసారి విసుగెత్తి, మా ఇల్లు సత్రం కాదు అని గ్రూప్‌లోనే రాసిపారేసింది. తర్వాత ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ సంఘానికి అధ్యక్షుడు పాండురంగ. అతనంటే ఆమెకు మరీ చులకన. ఊరి దక్షిణాన కొత్త కాలనీలో పెద్ద ఇల్లు కట్టించుకున్నాడు. అది చాలక యూనివర్సిటీ వైపు ఒక పాత ఇటుకల ఇల్లు కొని, అందులో ఆరుగురు ఆడపిల్లలను అద్దెకు పెట్టాడు. అదేదో ధర్మకార్యమన్నట్టు మీటింగుల్లో చెప్పుకునేవాడు. ఫిబ్రవరిలో రెండిళ్ళకూ ఇన్సూరెన్సు వాళ్ళు పైకప్పు ఫొటోలు అడిగారు. పాండురంగ రత్నకుమారికి ఫోన్ చేశాడు.

ఆమె ముందు కొత్తింటికి వెళ్ళింది. అక్కడ పాండురంగ పట్టుపంచె కట్టి, పైన చలికోటు తొడిగి మంచులో నిలబడి ఉన్నాడు. పక్కన భార్య బాలత్రిపురసుందరి. పట్టుచీర అంచు కింద స్నో బూట్లు.

"కప్పు ఫొటోలకు మీ పట్టుబట్టలెందుకండీ?" అంది రత్నకుమారి.

"ఎలాగూ డ్రోన్ ఎగురుతోంది కదా అని. మన సంఘం ఉగాది సంచిక అట్ట మీదికి ఒకటి తియ్యండి. కాస్త పైనుంచి తీస్తే వెనకాల చెరువు కూడా పడుతుంది."

చెరువంటే వాన నీళ్ళు నిలవడానికి బిల్డరు తవ్వించిన గుంట. రత్నకుమారి తీసింది. చలికి డ్రోన్ బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయని ఆమె వాటిని పాత శాలువా ముక్కలో చుట్టి కోటు లోపల దాచుకుంటుంది. ఆ వెచ్చటి బ్యాటరీ ఒకటి ఆ దంపతుల ఫోజులకే ఖర్చయిపోయింది. రెండోది వేసి కప్పు మీదికి పంపింది.

"వెనక వైపు మేకులు పైకి లేచాయండీ. గాలికి మంచు కొట్టుకుపోయిన చోట షింగిల్స్ సరిగ్గా అతుక్కోలేదని కనిపిస్తోంది. బిల్డరుకి వారంటీలో చెప్పుకోండి."

"అబ్బే, అవన్నీ రాయకండి. కొత్తిల్లు కదా!"

"కొత్తిల్లని వదిలేస్తామా?"

పాండురంగ నవ్వి మాట మార్చాడు. "పాతింటికి ముందు నుంచి ఒక్క ఫొటో చాలు. పైన చూడ్డానికేముంది, స్టూడెంట్లు ఉండే ఇల్లు."

"స్టూడెంట్లుంటే ఇంటికి కప్పుండదా?" అని ఆమె డ్రోన్ పెట్టె సర్దుకుంది. దారి పొడుగునా ఆ పట్టుపంచెను తలుచుకుని తిట్టుకుంటూనే ఉంది.

పాతింటి తలుపు కొట్టేసరికి మధ్యాహ్నం దాటింది. తలకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి వచ్చి తీసింది. పేరు తేజశ్రీ అంది. నంద్యాల పిల్ల. అప్పుడే స్నానం చేసినట్టుంది, జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మనిషి నిలబడలేక తలుపు చట్రం పట్టుకుంది.

"తీసుకోండాంటీ ఫొటోలు. లోపల అందరూ పడుకున్నారు."

"ఈ వేళప్పుడు పడకేమిటి?"

"తలనొప్పాంటీ. అందరికీ. వారమైంది. బయటికి పోతే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్ళీ వస్తుంది."

ఇంటికి వస్తే పుస్తకాలు కనిపిస్తాయి, అందుకు అనుకుంది రత్నకుమారి. ఆ మాట సగం పైకే అంది. పిల్ల సిగ్గుపడి నవ్వింది.

"పాండురంగ అంకుల్‌కి చెప్పినాము. చలి పడక అంతే, కిటికీలు తెరవద్దు, అల్లం టీ తాగండి అన్నారు."

రత్నకుమారి వీధిలోకి వచ్చి డ్రోన్ లేపింది. చుట్టుపక్కల పాతిళ్ళ పొగగొట్టాలన్నిటి మీదా తెల్లటి ఆవిరి లేస్తోంది. ఆ చలిలో గ్యాస్ మండే ప్రతి ఇంటి మీదా కనిపించేదే అది. పాండురంగ ఇంటి గొట్టం మీద మాత్రం ఏమీ లేదు. ఆమె డ్రోన్‌ను దగ్గరికి జరిపి చూసింది. ఇటుకల గొట్టం మూతి మీద ఇనుప రేకు పరిచి, చుట్టూ నల్లటి తారు మెత్తి గట్టిగా మూసేశారు. రేకు మధ్యలో అరచేతంత రాగి పలక ఒకటి మేకులతో బిగించి ఉంది. దాని మీద గీతలు, గడులు, ఓంకారం. వాస్తు యంత్రం.

ఆమె దిక్కులు చూసుకుంది. గొట్టం ఇంటికి సరిగ్గా ఈశాన్యం మూల ఉంది. ఈశాన్యం దేవుడి మూల, అక్కడ నిప్పు ఉండకూడదని ఎవడో చెప్పాడు, ఈయన మూయించాడు. ఎంత తెలివితక్కువ మనిషి అని ఆమె నవ్వబోయింది. అప్పుడు ఆ పిల్ల తడిజుట్టు గుర్తొచ్చింది. వేడినీళ్ళు వస్తున్నాయంటే కింద గ్యాస్ మండుతోంది. మండుతుంటే ఆ పొగ ఎక్కడికి పోతోంది?

డ్రోన్‌ను మంచులో ఎక్కడ పడితే అక్కడ దించేసింది. అంత అజాగ్రత్తగా దాన్ని ఆమె ఎన్నడూ దించలేదు. పరుగెత్తి తలుపు తోసింది.

"అమ్మాయ్, నీళ్ళు దేంతో కాగుతాయి?"

"గ్యాస్‌తో కాగే ట్యాంక్ ఉందాంటీ, బేస్‌మెంట్లో."

"అలారం ఏది? విషపు గాలికి మోగేది?"

"పోయిన వారం వాస్తు హోమం చేయించినారు కదాంటీ. పొగకి మోగుతుందని ముందే పీకేసినారు. మళ్ళా పెట్టలేదు."

"అందర్నీ లేపు. చెప్పులూ వద్దు, పుస్తకాలూ వద్దు. బయటికి నడవండి!"

పిల్లలు ఒక్కొక్కరే తూలుకుంటూ వచ్చారు. ఒకమ్మాయి సాయంత్రం షిఫ్ట్ ఉందని యూనిఫాం వెతుక్కోబోతే రత్నకుమారి రెక్క పట్టుకుని ఈడ్చింది. అయిదుగురు మంచులో నిలబడ్డారు. తేజశ్రీ లెక్క చూసుకుని ఒక్కసారి ఏడ్చింది. "స్పందన లేదాంటీ. కింద పడుకుంది. దాని గది ట్యాంక్ పక్కనే."

రత్నకుమారి ఊపిరి బిగబట్టి బేస్‌మెంట్ మెట్లు దిగింది. తేజశ్రీ వద్దన్నా వినక వెంట దిగింది. పిలిస్తే స్పందన కళ్ళు తెరవలేదు. ఇద్దరూ కలిసి ఆ పిల్లను దుప్పటితో సహా మెట్ల మీదుగా లాక్కొచ్చి వాకిట్లో పడేశారు. కాసేపటికి చల్లగాలికి దగ్గింది. ఆ దగ్గు విన్నాకే రత్నకుమారి ఫోన్ తీసి 911 నొక్కింది.

ఫైర్ ఇంజన్, అంబులెన్స్ వచ్చాయి. స్పందనను ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్ళారు. గొట్టంలో పాత ఇటుకల సందుల్లోంచి కాస్త గాలి బయటికి పోబట్టి ప్రాణాలతో ఉన్నారనీ, ఇంకొన్నాళ్ళయితే చెప్పలేమనీ ఫైర్ ఆఫీసర్ అన్నాడు. గొట్టం బాగుచేసి, అలారాలు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఉండకూడదన్నాడు. ఆమె తీసిన ఫొటో చూసి, ఈ రాగి పలక ఏమిటని అడిగాడు. రత్నకుమారికి సిగ్గేసింది. అలంకారం అని చెప్పింది.

పాండురంగ పట్టుపంచె మార్చుకుని ప్యాంటులో వచ్చాడు. ముందు ఇల్లు చూశాడు, తర్వాత ఫైర్ ఇంజన్ చూశాడు, ఆ తర్వాత పిల్లల్ని చూశాడు.

"రత్నకుమారి గారూ, మీకు ఫొటోలు తియ్యమని కదా చెప్పింది. నాకు ఫోన్ చేస్తే నేను చూసుకునేవాణ్ణి కదా. ఇంత రభస అవసరమా?"

"ఆ గొట్టం ఎందుకు మూయించారు?"

"రాజమండ్రి సిద్ధాంతి గారు వీడియో కాల్‌లో చూశారు. నా ప్రమోషన్ ఆగింది దానివల్లేనన్నారు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ కొత్తది, దాని గొట్టం పక్కగోడలోంచి పోతుంది. ఈ చిమ్నీ ఊరికే ఉందనుకున్నా."

"అనుకున్నారు సరే, నీళ్ళ ట్యాంక్ పొగ పోయేది దాంట్లోంచే. మూసేముందు ఎవరినైనా అడిగారా?"

"సిద్ధాంతి గారిని అడిగా కదండీ!"

రత్నకుమారికి చెయ్యి చేసుకోవాలనిపించింది. డ్రోన్ ఏరుకుని, మంచు దులుపుకుని వచ్చేసింది. పిల్లల్ని పాండురంగ తన కొత్తింటి బేస్‌మెంట్‌కు తీసుకెళ్ళాడని తర్వాత విన్నది.

రెండు రోజుల తర్వాత సంఘం గ్రూప్‌లో అతని సందేశం కనిపించింది. "మన పాతింటి ఈశాన్య దోషం సకాలంలో సరిచేయించడం వల్లే గండం ప్రాణాల దాకా రాకుండా తప్పిపోయింది. అంతా భగవంతుడి దయ. పిల్లలందరూ మా ఇంట్లో క్షేమం." దాని కింద వరసగా దండాల బొమ్మలు. డాక్టర్లు పెట్టారు, ఇంజనీర్లు పెట్టారు. ఆ వరసలో తేజశ్రీ పేరు చూసేసరికి రత్నకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఫోన్ చేసింది.

"సిగ్గు లేదుటే నీకు? చావు తప్పించుకుని వచ్చి, ఆ మనిషికే దండం పెడతావా?"

అవతలి నుంచి గొంతు గుసగుసగా వచ్చింది. "సుందరి ఆంటీ పక్కనే నిలబడి, ఇంకా పెట్టలేదేంటమ్మా అన్నారాంటీ. గిన్నెలు తోముతూ తోముతూ చెయ్యి తుడుచుకుని పెట్టినా. స్పందన రాత్రే ఆస్పత్రి నుంచి వచ్చింది. దానికింకా కళ్ళు తిరుగుతున్నాయి. ఇక్కడి నుంచి పొమ్మంటే ఎక్కడికి పోవాల? ఆగస్టులో గ్రూప్‌లో అందర్నీ అడిగినాము. ఎవరూ లేదన్నారు." ఆ పిల్ల నిష్ఠూరమేమీ లేకుండా అంది. "మీరు కూడా రాసినారు కదాంటీ, సత్రం కాదని."

రత్నకుమారి అప్పుడు తన ఇంటి మేడ మీదే నిలబడి ఉంది. ఎదురుగా మూడు గదుల తలుపులు మూసి ఉన్నాయి. వాడని గదులకు వెచ్చటి గాలి దండగని నేల జాలీలు కూడా ఆమే మూసేసింది. ఇన్నాళ్ళూ అందరి నెత్తులూ చూసి ఏవగించుకున్న మనిషికి మొదటిసారి తన మీద తనకు రోత పుట్టింది. మొదటి గది తలుపు తోసి తెరిచింది.

"పెట్టెలు సర్దుకోండి. వ్యాన్ తీసుకుని వస్తున్నా."

"ఆరుగురం ఆంటీ."

"తెలుసులే. ముందు ఆ దండం తీసెయ్."

బయల్దేరే ముందు ఆమె గ్రూప్‌లో డ్రోన్ తీసిన ఫొటో పెట్టింది. చుట్టూ ఆవిరి చిమ్ముతున్న ఇళ్ళు, మధ్యలో రేకు బిగించిన గొట్టం, దాని మీద రాగి యంత్రం. ఈ రేకు కింద ఆరుగురు పిల్లలు వారం రోజులు విషం పీల్చారు, ఒకమ్మాయి చావు దాకా వెళ్ళింది అని కింద రాసింది. ఇది చూశాకైనా సిగ్గుతో నోళ్ళు పడిపోతాయనుకుంది.

పాండురంగ ఇంటి ముందు వ్యాన్ ఆపేసరికి ఫోన్ మోగింది. ఫొటో కింద మొదటి జవాబు వచ్చింది. ఎవరో అమరేశ్వరరావు రాశాడు, ఊరి పాత భాగంలోనే ఇల్లనీ, కింద పోర్షన్లో స్టూడెంట్లను పెట్టాడనీ ఆమె ఇదివరకు విన్నది.

"యంత్రం చాలా బాగుందండీ. ఎక్కడ తెప్పించారు? మాకూ ఈశాన్యంలోనే గొట్టం ఉంది. పోయిన నెలే మూయించాం గానీ, యంత్రం వెయ్యలేదు."

తేజశ్రీ పెట్టె ఈడ్చుకుంటూ గుమ్మం దిగుతోంది. రత్నకుమారి వ్యాన్ ఇంజన్ ఆపకుండానే టైప్ చేసింది.

"గ్యాస్ ఆపండి. పిల్లల్ని బయటికి పంపండి. అడ్రస్ ఏమిటి?"