ఎల్లయ్య కంటి చుక్కలు

మాదాపూర్ గుట్టల్లో రాళ్లు కొట్టి బతికిన ఎల్లయ్యకు, ఆ గుట్టల్ని పేల్చి కట్టిన అద్దాల మేడలోనే కాపలా పని దొరికింది. సెల్లార్‌లో కార్లు నిలబెట్టించాలి. అది తొంభై ఎనిమిది చివర. యాభై దాటినవాడికి నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు.

ఆ రోజుల్లోనే ఉచిత కంటి శిబిరంలో డాక్టరు అతనికి నీటికాసులని తేల్చాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ నాలుగు పూటలా పైలోకార్పిన్ చుక్కలు వేసుకోవాలన్నాడు. బ్రెజిల్‌లో పెరిగే ఏదో పొద ఆకుల్లోంచి తీసే మందట, కంట్లో ఒత్తిడి తగ్గిస్తుందట. అది కంటిపాపను ఆవగింజంత చేస్తుందనీ, నీడలోకి వెళితే చీకటి కమ్ముతుందనీ మాత్రం చెప్పలేదు. వెనక ఇంకా చాలామంది వరసలో ఉన్నారు.

చుక్కలు వేసుకుని ఎండలోంచి సెల్లార్‌లోకి దిగితే ఎల్లయ్యకు స్తంభాలే ఆనలేదు. "రానీ, రానీ" అని చెయ్యూపితే ఒక మేనేజరు కొత్త కారు స్తంభానికి రాసుకుపోయింది. సూపర్‌వైజర్ రామ్మోహనరావు, ఏలూరు మనిషి, పరుగున వచ్చి, చుక్కలకు ఎర్రబడిన అతని కళ్లలోకి చూశాడు.

"పట్టపగలే తాగొచ్చావేంటయ్యా? ఇంకోసారైతే ఇంటికే."

కంటిజబ్బని చెబితే ఆ ఇంకోసారి కూడా ఉండదు. తాగుబోతు పేరే నయమనుకుని ఎల్లయ్య తలవంచుకున్నాడు.

ఇంటికెళ్లి సీసా మోరీలో కుమ్మరించాడు. భార్య రాజమ్మ తిట్టిపోసింది.

"ఏస్తె చీకటైతది, ఎయ్యకుంటె మంచిగ కనవడ్తది. ఇగ ఏది మందో, ఏది రోగమో నువ్వే చెప్పు" అన్నాడు.

చుక్కలు మానాక పని చక్కబడింది. కొత్తగా చేరినవాళ్లకు రామ్మోహనరావు అతణ్ణే చూపించి నేర్చుకోమనేవాడు. నొప్పి లేదు, ఎరుపు లేదు. నీటికాసులు చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తాయి. తలుపు రెక్క భుజానికి కొట్టుకుంటున్నా, పక్కనున్న చాయ్ గ్లాసును తన్నేస్తున్నా ఎల్లయ్య వయసు మీద పడిందనుకున్నాడు. మరుసటి ఏడు దసరా దాటాక, ఎడమవైపు నుంచి వచ్చిన స్కూటర్ గుద్దేదాకా కనబడలేదు. కాలు విరిగింది. దవాఖానలో కాలుతోపాటు కళ్లూ చూశారు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో గొట్టంలోంచి చూసినంత మిగిలింది.

రామ్మోహనరావు బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వచ్చాడు. కళ్లు బాలేదని తనతో ఒక్క మాట చెప్పి ఉండాల్సిందని నొచ్చుకున్నాడు.

"చెప్తె పనిల ఉంచుకుంటుంటిరా సార్?"

రామ్మోహనరావు బత్తాయిల సంచి రాజమ్మ చేతికిచ్చి, యూనిఫాం ఎప్పుడు తిరిగిస్తారని మెల్లగా అడిగాడు.